వాపా, ఊతా? గాయపడిన కాలితో దూరపు పరుగుకు సన్నాహం

(దూరపు పరుగుకు సిద్ధమవుతున్న తెలుగువారి కోసం చిక్కబళ్లాపురంలో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. పరుగు నేర్పే శిక్షకురాలినీ కాను. కన్నడంలో వెలువడే ప్రకటనలను, కరపత్రాలను, పన్ను నోటీసులను తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. చదివినది తెలుగు ఎం.ఏ. ఈ వేదిక మీద నిలబడటానికి నాకున్న అర్హతలు రెండే. వచ్చే చలికాలంలో బెంగళూరులో జరిగే 21 కిలోమీటర్ల పరుగుకు మీలో చాలామంది వలెనే నేనూ పేరు ఇచ్చాను. మీలో కొందరి వలెనే సన్నాహం మధ్యలో కాలు చెడగొట్టుకున్నాను. ఇది మొదటి అర్హత. రెండవది కాస్త సిగ్గుపడుతూ చెప్పవలసినది.

ఒకనాటి సాయంకాలం, కాళ్ల గాయాలను గురించిన ఒక కన్నడ కరపత్రం నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఒక వాక్యం ఇది: ‘ఊత ఇద్దరె ఓడబేడి.’ కన్నడంలో ఊత అంటే వాపు. వాపు ఉన్నంతవరకు పరుగెత్తవద్దని దాని భావం. నేను ‘ఊత ఉంటే పరుగెత్తవద్దు’ అని వ్రాసి ముందుకు సాగిపోయాను. మాట మనదే కావడం వల్ల కన్ను దాని మీద నిలవలేదు. తెలుగులో ఊత అంటే ఆనుకొనే ఆధారం, చేతికర్ర వంటిది. ఆ వాక్యం అట్లాగే అచ్చయి ఉంటే మీరు దానిని ఎట్లా గ్రహించేవారు? ‘నాకు కర్ర అవసరం లేదు, కాబట్టి పరుగెత్తవచ్చు’ అనే కదా! కాలు కుండలా ఉబ్బి ఉన్నా సరే. అచ్చుకు పోకముందే మా సహోద్యోగి ఒకరు దానిని పట్టుకున్నారు. ఆయనది బాగేపల్లి, రెండు భాషలూ ఆయనకు ఇంటి భాషలే. నవ్వి దిద్దారు.

ఇటువంటి మాటలు మన రెండు భాషల నడుమ అడుగడుగునా ఉన్నాయి. కన్నడ వైద్యుడు ‘మండి నోవా?’ అని అడిగితే మోకాలు నొప్పా అని అర్థం. చింతామణిలో టమాటా పెట్టెలు మోసే మన తమ్ముడు, తాను పనిచేసే మండీని గురించి అడిగారనుకొని ‘అవును సార్, మండీలోనే’ అంటాడు. ‘ఉరి ఇదెయా?’ అంటే మంటగా ఉందా అని. మనకు ఉరి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వినడానికి నవ్వు వచ్చే సంగతులే. కాలునొప్పితో ఆసుపత్రి వరుసలో గంటసేపు నిలబడి, వైద్యుని ఎదుట దొరికిన రెండు మూడు నిమిషాలలో తన నొప్పి ఎటువంటిదో చెప్పలేక తిరిగి వచ్చినవారికి మాత్రం నవ్వు రాదు.

ఇక నా కాలి సంగతి. వారానికి 12 కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు నాది. పేరు నమోదు చేసుకున్న ఉత్సాహంలో మూడు వారాలలో దానిని 30కి పెంచాను. హైదరాబాదు రహదారి పక్కనున్న సర్వీసు రోడ్డు మీద, గట్టి తారు మీద, తెల్లవారుజామున. నాల్గవ వారంలో కుడికాలి ముందరి ఎముక లోపలి అంచు వెంట, చీలమండకు జానెడు పైన, ఒక పీకు మొదలైంది. పరుగు మొదలైన పది నిమిషాలకు తగ్గిపోయేది. తగ్గుతున్నది గదా అని నేనూ పట్టించుకోలేదు. తరువాతి ఆదివారం నంది కొండకు వెళ్లాను. ఎక్కడం బాగానే సాగింది. దిగేటప్పుడు, నొస్తున్న కుడికాలిని కాచుకోవడం కోసం బరువంతా ఎడమకాలి మీద వేస్తూ వచ్చాను. ఒక వంపు దగ్గర, రోడ్డు అంచున ఎడమ పాదం పక్కకు మడతపడింది. ఒక చిన్న గాయం మరొక చిన్న గాయాన్ని ఈ విధంగానే వెంటబెట్టుకొని వస్తుంది.

పది రోజులకు నొప్పి పోయింది. వాపు పోలేదు. కర్ర లేకుండా నడవగలుగుతున్నాను కనుక పరుగెత్తాను. కరపత్రంలో చేసిన తప్పునే కాలితోనూ చేశానన్నమాట. మరునాటికి చీలమండ చుట్టూ గుంట కనబడకుండా పూడిపోయింది. పది రోజులలో తీరవలసిన వ్యవహారం ఏడు వారాలు పట్టింది. ఇంట్లో మా అత్తగారు ‘ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?’ అని ఒక్కమాటే అన్నారు. దానికి ఇప్పటికీ నా దగ్గర సరైన సమాధానం లేదు.

గత నెలలో బాగేపల్లి పురసభ పరిధిలో ఇటువంటి సమావేశమే ఒకటి జరిగింది. (ఆంధ్రలో పురపాలక సంఘం అనేదానిని ఇక్కడ చిన్న పట్టణాలలో పురసభ అని, పెద్ద పట్టణాలలో నగరసభ అని అంటారు; కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను.) అక్కడ లారీ నడిపే ఒక అన్న లేచి, తన పిక్కను గురించి ఆసుపత్రిలో చెప్పానని, ఫలితం లేకపోయిందని అన్నారు. ‘నోవు ఇదెయా అన్నారు మేడమ్. లేదన్నాను. నొప్పి కాదు గదా అది, పీకతా ఉండాది’ అని ఆయన మాట. వైద్యులు నొప్పి లేదని వ్రాసుకున్నారు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. కన్నడంలో నోవు అనే ఒక్క మాటలో ఇమిడిపోయే దానిని మనవాళ్లు పది మాటలుగా పంచుకొని, నొప్పి అనే మాటను తీవ్రమైన వాటికి దాచిపెట్టుకున్నారు.

తెలుగు చదువుకున్నదానిగా ఈ సంపదను చూసి నాకు సంతోషమే. పీకడం, సలపడం, పోటు, తీపులు, మంట, తిమ్మిరి, జివ్వుమనడం, కలుక్కుమనడం, పట్టేయడం, గుంజడం. నిఘంటువులో ఇవి పక్కపక్కన నిలబడినా శరీరంలో ఒకే చోటు నుంచి రావు. పరుగెత్తేవారికి ఈ భేదమే వైద్యానికి మొదటి మెట్టు.

పీకు అంటే ఎక్కువగా అలసిన కండరం. అలవాటు లేని శ్రమ చేసిన మరునాడో, ఆ మరునాడో అది ఎక్కువై, తరువాత దానంతట అదే తగ్గుతుంది. దీనితో నెమ్మదిగా నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు. ఎముక వెంట వచ్చే నొప్పి వేరు. దానిని కనిపెట్టడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. నొప్పి ఎక్కడ అని అడిగితే మీరు అరచేతితో నిమిరి చూపిస్తున్నారా, ఒక వేలితో ఒక బిందువును తాకి చూపిస్తున్నారా? ముందరి ఎముక అంచు వెంట నాలుగైదు వేళ్ల పొడవున, అంటే 5 సెంటీమీటర్లకు మించి పరచుకున్న నొప్పి అయితే సాధారణంగా అది ఎముక పై పొరకు కలిగిన శ్రమ. దూరం తగ్గిస్తే మానుతుంది. ఒకే బిందువులో పోటు, ఒంటికాలి మీద గెంతితే అదే చోట పొడిచినట్లు ఉండటం, రాత్రి పడుకున్నప్పుడు సలపడం, ఈ మూడూ కలిస్తే ఎముకలో సన్నని చీలిక ఏర్పడుతున్నదేమోనని అనుమానించాలి. అటువంటప్పుడు పరుగు వెంటనే ఆపాలి. మొదటి వారాలలో తీసిన ఎక్స్‌రేలో ఆ చీలిక కనబడకపోవచ్చు కూడా. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు’ అని మళ్లీ రోడ్డెక్కినవారు ఈ గదిలో కూడా ఉండవచ్చు.

ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగులలో మడమ కింద ముల్లు గుచ్చినట్లుంటే అది అరికాలి కింద పరచుకున్న దళసరి పట్టీకి సంబంధించినది. మడమ వెనుక, చెప్పు పట్టీ తగిలే చోటుకు కాస్త పైన, ఉదయం బిగుసుకొని నాలుగడుగుల తరువాత సడలితే అది పిక్కను మడమకు కలిపే స్నాయువు. తిమ్మిరి, జివ్వుమనడం కాలిలో తెలిసినా వాటి మూలం నడుములో ఉండవచ్చు. వాటికి పాదాన్ని మర్దించి లాభం లేదు. ఇక్కడ మన భాష లోపాన్ని కూడా చెప్పాలి. పది రకాల నొప్పులకు పది పేర్లు పెట్టిన మనం, రక్తనాళానికి, స్పర్శను మోసే నాడికి, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకు మాత్రం ఒకే పేరు పెట్టుకున్నాం: నరం. ‘నరం పట్టింది’ అంటే వైద్యునికి ఏమీ అర్థం కాదు. వేలితో చోటు చూపించండి. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పండి. కన్నడంలో చెప్పవలసివస్తే బెణుకుకు ఉళుకు, గుంజుడుకు సెళెత, తిమ్మిరికి జోము, మంటకు ఉరి, పొడిచినట్లుండే నొప్పికి ‘చుచ్చిదంతె నోవు’ అంటే సరిపోతుంది. వాపుకు ఊత. దానిని మాత్రం నేను ఈ జన్మలో మరచిపోను.

పరుగు ఆపవలసి వచ్చినప్పుడు మనలను పీడించేది కాలికంటె భయం. ఇన్నాళ్ల సాధన నీటిపాలవుతుందేమోనన్న భయం. దీనికి లెక్క ఉంది. 1984లో అమెరికాలో, చక్కగా సాధన చేసిన ఏడుగురి చేత సాధన పూర్తిగా మాన్పించి పరీక్షించారు. ప్రాణవాయువును వినియోగించుకొనే గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాలలో 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకు 16 శాతం వరకు తగ్గి, దాదాపు అక్కడ నిలిచింది. వారు ఏ వ్యాయామమూ చేయకుండా ఉన్నప్పటి సంగతి ఇది. కాలికి బరువు తగలకుండా సైకిలు తొక్కేవారికి నష్టం ఇంకా తక్కువ. ఈత కూడా మంచిదని పుస్తకాలు చెబుతాయి. చిన్ననాడు మనం దూకిన బావులు ఎండి, బోర్లు పాతాళానికి దిగిన ఈ జిల్లాలో ఆ సలహా ఎవరికి పనికివస్తుందో నాకు తెలియదు.

ఫోన్లలో తిరిగే వీరగాథలను గురించి కూడా ఒక మాట. 1984లోనే జోన్ బెన్వా అనే అమెరికా వనిత మోకాలికి శస్త్రచికిత్స జరిగిన 17 రోజులకు ఒలింపిక్ ఎంపిక మారథాన్‌లో పరుగెత్తి గెలిచింది. ఆ ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో, మహిళలకు తొలిసారిగా పెట్టిన ఒలింపిక్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లలో ముగించి స్వర్ణం అందుకుంది. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1964లో టోక్యో మారథాన్‌కు అయిదారు వారాల ముందు అపెండిక్స్ శస్త్రచికిత్స చేయించుకొని కూడా గెలిచాడు. రెండూ నిజమే. నా కాలు వాచినప్పుడు ఈ రెండు కథలూ నాకు కనీసం ఆరుగురు పంపించారు. పంపినవారు గమనించని సంగతి ఏమిటంటే, ఆ ఇద్దరి వెనుక ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది, పక్కన వైద్యులు ఉన్నారు, పరుగు తప్ప వేరే పని లేదు. ఉదయం ఆరుకు పూలమార్కెట్టులో బుట్టలు దించి, తొమ్మిదికి ఇంటికి వచ్చి వంట చేసే మన అక్క కాలికి బెన్వా మోకాలు ప్రమాణం కాదు.

ఆ మాట వచ్చింది కనుక పనిని గురించే ఇంకొంచెం చెబుతాను. దూరపు పరుగుకు సన్నాహ పట్టికలు ఎన్నో దొరుకుతున్నాయి. సోమవారం విశ్రాంతి, మంగళవారం 5, బుధవారం 6 అని. విశ్రాంతి అన్న గడి ఎదుట మనలో ఎంతమందికి నిజంగా విశ్రాంతి ఉంటుంది? గార్మెంట్ ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి బట్ట కత్తిరించే చెల్లెలికి, చింతామణి మండీలో పెట్టెలు మోసే తమ్మునికి, శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతకు తెల్లవారకముందే మూటలు చేర్చే అన్నకు పట్టిక చెప్పే విశ్రాంతి దినం కూడా కాలికి పనిదినమే. ఎముకకు అది జీతం కోసం మోసిన బరువా, పతకం కోసం మోసిన బరువా అన్న భేదం తెలియదు. నేను కుర్చీలో కూర్చొని పనిచేసేదానిని. అయినా వారానికి 12 నుంచి 30కి దూకి దెబ్బతిన్నాను. నిలబడి పనిచేసేవారు పట్టికలో చెప్పిన దూరంలో సగంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. సంత జోరుగా సాగే రోజుల్లో అసలు పరుగు పెట్టుకోవద్దు.

వారానికి పది శాతానికి మించి దూరం పెంచవద్దనే సూత్రం మీరు వినే ఉంటారు. చెడ్డ సూత్రం కాదు, కానీ దానిలో మంత్రశక్తి ఏమీ లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ పది శాతపు క్రమంతో 13 వారాల సాధనను, మరొక జట్టుకు మామూలు 8 వారాల సాధనను ఇచ్చి చూశారు. 2008లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రెండు జట్లలోనూ ప్రతి అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. అంటే నెమ్మదిగా పెంచినంత మాత్రాన రక్షణ లేదు. శరీరం ఇచ్చే జవాబును చూసి పెంచాలి.

ఆ జవాబు ఎప్పుడు వస్తుంది? పరుగు మధ్యలో కాదు. ఒళ్లు వేడెక్కినప్పుడు నొప్పి దాగుతుంది. నా కుడికాలు నన్ను మోసగించింది అందువల్లనే. జవాబు మరునాటి ఉదయం వస్తుంది. స్వీడన్‌లో మడమ స్నాయువు నొప్పి గల 38 మందిపై చేసిన ఒక పరిశీలన 2007లో వెలువడింది. నొప్పిని సున్న నుంచి పది వరకు లెక్కించుకొని, అయిదు దాటకుండా, మరునాటి ఉదయానికి మొదటి స్థితికి వచ్చేటట్లుగా కొందరిని పరుగు కొనసాగించనిచ్చారు. మరికొందరిని మొదటి ఆరు వారాలు పరుగుకు దూరంగా ఉంచారు. ఇద్దరి చేతా కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయించారు. పరుగెత్తినవారు మానినవారికంటె వెనుకబడలేదు. నాకు ఈ పరిశీలన చాలా ధైర్యమిచ్చింది. నొప్పి అణుమాత్రమూ ఉండకూడదని కూర్చోనక్కరలేదు, నొప్పిని లెక్కచేయకుండా పరుగెత్తనూ అక్కరలేదు. అయితే ఇది స్నాయువుకు చెప్పిన మాట. ఎముకలో పోటు ఉన్నవారు దీనిని తమకు అన్వయించుకోరాదు.

ఆ స్నాయువుకే మరొక చికిత్స ఉంది. దానికి డబ్బు అక్కరలేదు, ఒక మెట్టు చాలు. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో దానిని ప్రకటించాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొస్తున్న కాలి మడమను నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. పైకి లేచేటప్పుడు రెండవ కాలి సహాయం తీసుకోవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరి మూడు విడతలు, ఉదయం, సాయంత్రం. రోజుకు 180 సార్లు, 12 వారాలు. విసుగు పుట్టించే పని. మా వీధిలో ఒక పెద్దాయన గుడి మెట్ల మీద దీనిని చేస్తుంటే, కొత్త రకం మొక్కు అనుకున్నవారు ఉన్నారు. బెణికిన చీలమండకు మాత్రం కావలసింది తూకం తెలియడం. వాపు తగ్గిన తరువాత పళ్లు తోముకుంటున్నంతసేపు ఒంటికాలి మీద నిలబడండి. బెణుకు వల్ల కీలు తన స్థితిని గుర్తించే శక్తి మందగిస్తుంది. ఒకసారి బెణికినవారికి మళ్లీ మళ్లీ బెణకడానికి అదొక కారణం.

మంచును గురించి అడుగుతున్నారు. విశ్రాంతి, మంచు, కట్టు, కాలిని ఎత్తున పెట్టడం, ఈ నాలుగింటినీ ఒక సూత్రంగా 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మర్కిన్ అనే అమెరికా వైద్యుడే 2014లో తన మాటను సవరించుకున్నాడు. మంచు నొప్పిని తగ్గిస్తుంది, మానడాన్ని ఆలస్యం చేయవచ్చు అన్నాడు. మొదటి రోజు నొప్పికి కాసేపు పెట్టుకోండి, వారాల తరబడి వద్దు. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం మాత్రం అసలు వద్దు. నొప్పిని దాచడం ఒక్కటే కాదు, చెమటతో నీరు పోయిన శరీరంలో ఆ మాత్రలు మూత్రపిండాల మీద భారం వేస్తాయి.

మనవారిలో చాలామంది కాలు బెణికితే ముందుగా తలచుకునేది పుత్తూరు కట్టు. చిత్తూరు సీమలోని పుత్తూరు పేరు ఎముకల కట్టుకు ఎంత ప్రసిద్ధమో, బెంగళూరు వీధులలోని బోర్డులు చూసినా తెలుస్తుంది. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది. మా నాయన చెయ్యి ఆ కట్టుతోనే అతికింది. కానీ ఎముక విరిగిందో లేదో తెలియకుండా ఏ కట్టూ వద్దు. కెనడాలోని ఒట్టావాలో 1992లో వైద్యులు ఒక సులభమైన పరీక్షను రూపొందించారు. దెబ్బ తగిలిన వెంటనే గాని, ఆసుపత్రికి చేరాక గాని నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఇరుపక్కల ఉబ్బెత్తు ఎముకల వెనుక అంచునో కొననో నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్యభాగంలో, చిటికెనవేలి వైపు ఎముక మొదట్లో నొక్కినా అంతే. ఎవరు కట్టిన కట్టు అయినా సరే, వేళ్లు చల్లబడినా, నీలమెక్కినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే విప్పించాలి.

ఇప్పుడు చెప్పబోయేది పరుగు పుస్తకాలలో ఉండదు, ఈ నేలకు సంబంధించినది. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. ఆ పరిసర కొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి, మన అనంతపురం, కడప సీమలను దాటి, నెల్లూరు దగ్గర సముద్రాన్ని చేరుతుంది. నదులు పుట్టే చోటే అయినా ఏడాది పొడుగునా పారే నది ఈ జిల్లాలో ఒక్కటీ లేదు. తరతరాలుగా ఊళ్లు భూగర్భ జలం మీద ఆధారపడ్డాయి. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో చాలాచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే పళ్లు గారపట్టడంతో ఆగదు. మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుంటాయి. నెల్లూరు సీమలో ఈ వ్యాధిని గుర్తించి 1937లోనే వైద్యులు ప్రకటించారు. నల్గొండ సంగతి తెలియని తెలుగువారు లేరు. నీటి నుంచి ఫ్లోరైడును తీసే ఒక పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. ఆ ప్రాంతాల నుంచి వచ్చినవారు, ఇక్కడి పల్లెలలో పెరిగి పట్టణం చేరినవారు ఈ సభలో ఉన్నారు. రెండు మోకాళ్లూ ఒకే విధంగా బిగుసుకుంటున్నా, మెడ తిప్పడం కష్టమవుతున్నా, పరుగు ఆపి నెలలైనా తగ్గకపోయినా దానిని పరుగు గాయమని సరిపెట్టుకోవద్దు. ఏ నీరు ఎన్నేళ్లు త్రాగారో వైద్యునికి చెప్పండి. నీటిని మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. శుద్ధ జల ఘటకం నుంచి తెచ్చిన నీటినే త్రాగడానికీ వంటకూ వాడండి.

చివరిగా సెలవుల మాట. కాలు వాచినా పనికి పోవడానికి కారణం మొండితనం కాదు, కూలి పోతుందన్న భయం. ఫ్యాక్టరీలలో పనిచేస్తూ ఈఎస్ఐ చందా కట్టేవారు ఒకటి తెలుసుకోండి. పనిలో తగిలిన గాయం కాకపోయినా, ఈఎస్ఐ వైద్యుడు విశ్రాంతి అవసరమని ధ్రువపత్రం ఇస్తే, తగినన్ని రోజుల చందా ఉన్నవారికి జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భృతి లభిస్తుంది. మీ జీతపు చీటీలో ఆ కోత కనబడుతూ ఉంటే ఆ హక్కు మీది. కోత లేనివారికి, అంటే మండీలో, సంతలో, ఇళ్లలో పనిచేసేవారికి, ఇటువంటి ఏర్పాటు లేదు. వారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: వాపు కనబడిన మొదటి రోజునే తాలూకా ఆసుపత్రికి వెళ్లండి. నా వలె ఏడు వారాలు పోగొట్టుకొనే స్తోమత మీకు లేదు. దరఖాస్తు నింపడానికో, వైద్యునితో మాట్లాడటానికో మాట సాయం కావలసినవారు పనివేళలలో నా బల్ల దగ్గరకు రండి. ఆ పని చేసినందుకు ఎవరూ రుసుము అడగరు.

మన కైవారం తాతయ్య నారాయణప్ప యోగి కావడానికి ముందు గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారని చెబుతారు. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన మనిషి. ఆ బాటలలో ఆయన కాలు ఎన్నిసార్లు బెణికిందో, దానిని ఆయన ఏ భాషలో చెప్పుకున్నారో అని, కైవారం వైపు సైకిలు తొక్కేటప్పుడు నాకు అనిపిస్తుంది. ఇది ప్రసంగానికి అవసరమైన మాట కాదు, చెప్పాలనిపించింది.

పరుగుకు ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. ఈ ఉదయం నేను నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 5 కిలోమీటర్లు పూర్తిచేశాను. నొప్పి పదిలో రెండు. రేపు తెల్లవారి మంచం దిగి నాలుగడుగులు వేసి, రెండు చీలమండలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్న తరువాత గాని ఎల్లుండి ఎంత దూరమో తేలదు. 21 కిలోమీటర్లు చేరుతానో, 10 కిలోమీటర్ల విభాగానికి మార్చుకుంటానో ఇప్పుడే చెప్పలేను. మార్చుకోవడానికి గడువు నెలాఖరు వరకు ఉంది; మీలో ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే గడువు దాటనీయకండి.

ప్రశ్నలు ఉన్నవారు అడగండి. నిలబడలేనివారు కూర్చొనే అడగవచ్చు.